వంగిన చెట్టు మీద మంచె: మన చరిత్రలో రాయకుండా మిగిలిన పనితనం

స్మారక సంచిక అనగానే ముందుగా మన పోరాటాల వ్యాసాలు గుర్తొస్తాయి. 1879–80 రంప తిరుగుబాటు, 1922–24 మన్యం పోరాటం, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అమరత్వం. ఇవి ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. అయితే ఆ పోరాటాలు చేసిన మనుషులు మిగతా రోజుల్లో ఎలా బతికారు? ఏ పనిలో వారి చెయ్యి తిరిగి ఉండేది? ఏ తెలివితో అడవిని నమ్ముకున్నారు? ఈ ప్రశ్నలకు మన దగ్గర రాతపూర్వకంగా ఉన్న జవాబులు తక్కువ. అందుకే ఈసారి ఒక చిన్న వస్తువు చరిత్ర చెప్పుకుందామనుకున్నాం. ఆ వస్తువు మంచె. అందులోనూ నిటారుగా లేని చెట్టు మీద, వంకర తిరిగిన చెట్టు మీద, పక్కకు ఒరిగిన చెట్టు మీద కట్టిన మంచె.

ఒక్కమాట ముందే చెబుతాం. ఇది వేట నేర్పే వ్యాసం కాదు. వేట ఇవాళ చట్టరీత్యా నేరం. ఆ సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే కాబట్టి దాని చోట దాన్ని చెప్పుకుందాం.

మంచె అనే మాట

మంచం, మంచె ఒకే కుటుంబపు మాటలు. సంస్కృతంలో మంచ, హిందీలో మచాన్ కూడా ఆ బంధువులే. నేల నుంచి ఎత్తుగా, మనిషి కూర్చోవడానికో పడుకోవడానికో వీలుగా కట్టినది మంచె. ఇంగ్లీషు దొరలు ఈ మాటను మన దేశంలోనే నేర్చుకున్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువులో ఇది చేరింది. పులి కోసం కాపు కాసే అటక, పొలం కాపలాకు కట్టే అటక అని రెండు అర్థాలూ అందులో ఉన్నాయి.

రెండింటిలో పాతది పొలం మంచే అయి ఉంటుందని అనుకోవడానికి తమిళ సంగం సాహిత్యం ఆధారం ఇస్తుంది. సుమారు 2000 ఏళ్ల నాటి ఆ పాటల్లో కొండ ప్రాంతపు ఆడపిల్లలు కొర్ర చేలలో ఎత్తైన మంచెలెక్కి, చప్పుడు చేసే పరికరాలతో చిలుకలను తోలుతూ కనిపిస్తారు. కపిలర్ రాసిన కురింజిప్పాట్టులో ఈ దృశ్యం ఉంది. మురుగన్ కథలోని వల్లి కూడా చేను కాసిన కొండపిల్లే. మంచె అంటే తుపాకి పట్టుకున్న మగవాడు గుర్తొచ్చేలా తర్వాతి కాలపు పుస్తకాలు మనకు అలవాటు చేశాయి. కానీ సాహిత్యంలో కనిపించే పాత మంచెల మీద కూర్చున్నది పంటను కాపాడుకునే ఆడపిల్లలు. మన యువతులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన కొండల్లో పోడు చేసుకునే కుటుంబాలకు మంచె లేని పంట లేదు. జొన్న, సామ, కొర్ర కంకి పట్టే రోజుల్లో పగలు చిలుకలు, రాత్రి అడవి పందులు. ఒకరు ఒడిసెల పట్టుకొని, ఒకరు చీల్చిన వెదురును టపటపలాడిస్తూ, కింద నెగడు వేసుకొని చేను కాసేవారు. ఆ మంచె చాలాసార్లు చేనులో నరకకుండా వదిలిన చెట్టు మీదే ఉండేది.

చోటు ముందు, చెట్టు తర్వాత

మంచెకు మంచి చెట్టు ఏది అని అడిగితే, నిటారుగా, లావుగా, చేతికందే ఎత్తులో కొమ్మలున్న చెట్టు అని ఎవరైనా చెబుతారు. అసలు కష్టం అక్కడ లేదు. జంతువు నడిచే దారి దగ్గర, చెలమ గట్టున, చేను మూల ఆ మంచి చెట్టు ఉండాలి కదా? అడవి మన కోసం చెట్లను వరసలో నాటి పెట్టలేదు. మంచె ఎక్కడ ఉండాలో జంతువు నడక, గాలి వాటం నిర్ణయిస్తాయి. అక్కడ ఏ చెట్టు ఉంటే దానితోనే సరిపెట్టుకోవాలి. అది వంకరదైనా, ఒరిగినదైనా.

ఇప్ప చెట్టునే తీసుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రి నుంచి తెల్లవారేవరకు రాలుతాయి. వాటి కోసం దుప్పులు, కణుజులు, ఎలుగుబంట్లు వస్తాయి. వేట సాగిన రోజుల్లో మాటు వేయడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయినా ఇప్ప చెట్టు మీదే మంచె కట్టడం తెలివి కాదు, ఎందుకంటే ఎలుగు చెట్టెక్కుతుంది. పైగా జంతువు ముక్కు ఆ చెట్టు మొదట్లోనే ఉంటుంది. కాబట్టి గాలి ఇప్ప వైపు నుంచి మన వైపు వీచేలా, కాస్త దూరంలో ఉన్న మరో చెట్టు చూసుకోవాలి. ఆ రెండో చెట్టు ఎప్పుడూ మనకు నచ్చినట్టు ఉండదు.

ఒరిగిన చెట్టును చదవడం

ఇక్కడ మన పెద్దల పనితనం మొదలవుతుంది. చెట్టెక్కి బతికినవాళ్లు చెట్టును ముట్టుకోకముందే దాన్ని చదువుతారు. తేనె తీసేవాళ్లు, బంక తీసేవాళ్లు, కల్లు గీసేవాళ్లు, మంచె కట్టేవాళ్లు అందరికీ ఈ చదువు ఒకటే.

మొదటి ప్రశ్న: ఈ చెట్టు ఎప్పుడు ఒరిగింది? లేత వయసులోనే ఒరిగిన చెట్టు వెలుతురు కోసం మళ్లీ పైకి తిరుగుతుంది. దాని మాను కింద వంగి ఉన్నా చివర ఆకాశం వైపే ఉంటుంది, కొడవలిలాగా. ఆ వంపుకు తగినట్టు వేళ్లు కూడా ఏళ్ల తరబడి బలపడి ఉంటాయి. మన అడవుల్లోని వెడల్పాటి ఆకుల చెట్లు వంపు పైభాగంలో ప్రత్యేకమైన గట్టి కర్రను పెంచుకొని, మానును తాడులా వెనక్కి లాగి పట్టుకుంటాయి. అలాంటి చెట్టును నమ్మవచ్చు. మొదలు నుంచి చివర దాకా ఒకే గీతలా ఒరిగి, చివర కూడా పైకి తిరగకపోతే అది ఈమధ్యే ఒరిగిందని అర్థం. మొదట్లో ఒరిగిన వైపుకు ఎదురుగా నేల పగిలిందా, మట్టి ఉబ్బిందా, వేళ్లు పైకి లేచాయా చూడాలి. ఆ గుర్తులుంటే ఆ చెట్టు ఇంకా పడిపోతూనే ఉంది. దాని కింద నిలబడటం కూడా తప్పే.

రెండో ప్రశ్న: లోపల ఏముంది? గొడ్డలి వెనక వైపుతో కొడితే గట్టి మాను ఒక చప్పుడు, బోలు మాను మరో చప్పుడు చేస్తుంది. మొదట్లో కుక్కగొడుగులు పుట్టాయా, చెదల మట్టి పైదాకా పాకిందా, పాత నిప్పు కాల్చిన తొర్ర ఉందా అన్నది చూడాలి. ఒరిగిన చెట్టుకు తొర్ర ఉంటే అది రెట్టింపు ప్రమాదం.

మూడో ప్రశ్న: జాతి ఏది? మద్ది, చింత, చిరుమాను కర్ర గట్టిది. మునగ కొమ్మ చూడటానికి లావుగా ఉన్నా పుటుక్కున విరుగుతుంది. బూరుగు కర్ర మెత్తన, పైగా ముళ్లు. తపసి చెట్టు బెరడు నున్నగా పొరలు పొరలుగా ఊడుతుంది, కాలు నిలవదు. మామిడి మంచి చెట్టే, కానీ ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు దాని మీద ఉంటే చప్పుడు లేకుండా అరగంట కూడా కూర్చోలేరు. పై కొమ్మల్లో తేనెపట్టు ఉందేమో కూడా చూసుకోవాలి.

నాలుగో ప్రశ్న: పంగ ఎలా ఉంది? రెండు కొమ్మలు దగ్గర దగ్గరగా, ఇరుకుగా మొలిచిన చోట మధ్యలో బెరడు ఇరుక్కుపోయి అతుకు బలహీనంగా ఉంటుంది. బరువు పడితే అక్కడే చీలుతుంది. కొమ్మలు వెడల్పుగా విచ్చుకున్న పంగ ఎక్కువ మోస్తుంది. వంకర చెట్టులో ఉన్న అదృష్టం ఇదే. నిటారు చెట్టుకు లేని పంగలు, మలుపులు దానికి ఉంటాయి. ఏ మలుపు దూలాన్ని మోస్తుందో, ఏది మోయదో తేల్చుకోగలిగితే వంకరే ఆధారమవుతుంది.

ఇక కట్టడం. ఒరిగిన మాను మీద మంచెను వంపు పైవైపు కడతారు. అప్పుడు మనిషి బరువు మాను మీదికి దిగుతుంది. వంపు కిందివైపు కడితే బరువంతా కట్ల మీద వేలాడుతుంది. అయితే పైవైపు మరో చిక్కు ఉంది. మాను గుండ్రంగా ఉంటుంది కాబట్టి మంచె పక్కకు దొర్లాలని చూస్తుంది. అందుకే దాన్ని ఒక్క మానుకు కట్టి వదలకూడదు. రెండో కొమ్మకో, నేలలో పాతిన గుంజకో రెండో ఆధారం ఇవ్వాలి. సగం చెట్టు, సగం గుంజలతో నిలిచే పొలం మంచెల వెనక ఉన్న లెక్క ఇదే. రెండు వేర్వేరు చెట్ల మధ్య దూలాలు వేస్తే ఇంకో జాగ్రత్త కావాలి. గాలికి రెండు చెట్లూ ఒకేలా ఊగవు, ఆ ఊపుకు ముడులు వదులవుతాయి. అడ్డతీగ నారతో కట్టినా పచ్చి నార ఎండినప్పుడు దాని పట్టు మారుతుంది. అందుకే ఎక్కే ముందు ప్రతిసారీ కట్లు చూసి, వదులైతే బిగించుకోవాలి.

పలక మట్టంగా ఉందో లేదో చెప్పే పరికరాలు లేవు. కూర్చున్న మనిషి నడుమే ఆ పరికరం. కాస్త వాలు ఉన్నా గంట తిరిగేసరికి నడుము చెబుతుంది. రాత్రంతా కూర్చోవలసినవాడు నిద్రలో ఏ వైపు జారుతాడో ఆ వైపే అడ్డకర్ర కడతారు.

దొరల మంచె, మన చేతులు

19వ శతాబ్దంలో ఈ పనితనానికి కొత్త గిరాకీ వచ్చింది. బ్రిటిష్ అధికారులకు, సంస్థానాధీశులకు పులివేట హోదాకు గుర్తు. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాద్ సంస్థానానికి వచ్చినప్పుడు వరంగల్ ప్రాంతంలో నెక్కొండ దగ్గర వేట ఏర్పాటు చేశారు. రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఫొటోల్లో కర్జన్ దంపతులు, చచ్చిన పులి కనిపిస్తారు. ఆ కాలపు వేట ఫొటోలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. కింద వేటాడిన దొర పేరు రాస్తారు. పులి జాడ తీసినవారి పేర్లు, మంచె కట్టినవారి పేర్లు అరుదు.

ఆ వేట నడిచిన తీరు తెలుసుకుంటే మన పూర్వీకులు ఎక్కడ ఉన్నారో తెలుస్తుంది. పులి ఉన్న పొదను గ్రామాల వాళ్లు ఒకవైపు నుంచి డప్పులు, కేకలతో తోలుతూ వస్తారు. ఎదురుగా ఎంచిన చెట్టు మీద దొర మంచె ఉంటుంది. పులి పక్కలకు తప్పించుకోకుండా రెండు వైపులా గీత గీసినట్టు చెట్ల మీద మనుషులను కూర్చోబెడతారు. పులి తమ వైపు వస్తే వాళ్లు మాను మీద కర్రతో టకటకమని కొడతారు. పులి మళ్లీ దొర వైపు తిరుగుతుంది.

ఇప్పుడు చెట్ల సంగతి ఆలోచించండి. దొర మంచెకు చెట్టును ఎంచుకునే వీలుంది. అడవి తెలిసినవాడు ముందురోజే వచ్చి మంచి చెట్టు చూసి, ఆ చెట్టు ఆకులతోనే మంచెను కప్పి, చప్పుడు కాకుండా కట్టి పెడతాడు. పక్క గీతలో కూర్చునేవాడికి ఆ వీలు లేదు. గీత ఎక్కడ పడితే అక్కడి చెట్టే అతని చెట్టు. అది ఒరిగినదైనా, సన్నదైనా, పంగ లేనిదైనా ఎక్కాల్సిందే. చేతిలో తుపాకి లేదు, కింద పలక లేదు. ఆ చెట్టును ఒక్క చూపులో చదవడం తప్ప అతనికి వేరే రక్షణ లేదు. వంగిన చెట్టును చదివే తెలివి వీళ్లకు ప్రాణం నిలిపే విద్య అని మేము అంటున్నది ఇందుకే.

అందరూ మరచిపోయారని కూడా అనలేం. సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణాది అడవుల మీద చాలా కథలు రాశారు. 1954లో ఆయన మొదటి వేట కథల పుస్తకం వచ్చింది. మంచాన్నే చెట్టు మీద కట్టించుకొని మంచెగా వాడుకున్న సంగతులు ఆయన కథల్లో ఉన్నాయి. తనకు అడవి నేర్పిన పూజారి తెగ మనిషి బైరాను ఆయన పేరు పెట్టి, గౌరవంగా తలుచుకున్నారు. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపింది ఒక మామిడి చెట్టు మీద కూర్చునే. ఆ పుస్తకాలు చదివేటప్పుడు మన యువత ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మంచెకు చెట్టు చూపించింది ఎవరు?

చట్టం వచ్చాక

ఒకవైపు మన చేత మంచెలు కట్టించుకుంటూనే, మరోవైపు అడవిని మనకు దూరం చేసే చట్టాలు వచ్చాయి. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. రిజర్వు అడవిలో కొమ్మ నరకడం, పోడు కొట్టడం, వేటాడటం అనుమతి లేకపోతే నేరాలయ్యాయి. లైసెన్సు ఉన్న దొర మంచె మీది నుంచి కాలిస్తే అది క్రీడ. తన చేను మూల పందిని కొట్టిన గిరిజనుడు నేరస్థుడు. మన పెద్దల కోపానికి ఈ తేడా కూడా ఒక కారణం.

స్వతంత్రం వచ్చాక వేట అందరికీ ఆగింది. 1970లో పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మన భూమికి, అటవీ ఫలసాయానికి, సామాజిక అడవికి హక్కులు గుర్తించింది. సంప్రదాయ హక్కులను గుర్తించిన ఆ చట్టమే వేటను, జంతువులను ఉచ్చులు వేసి పట్టడాన్ని స్పష్టంగా మినహాయించింది. విశాఖ మన్యంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లే ఆచారం ఉంది. ఇవాళ ఆ పండుగను పాటతో, ధింసా ఆటతో, విత్తనాల పూజతో నిలుపుకోవాలి. పండుగ పేరుతో జంతువును చంపితే కేసు పడేది మన పిల్లల మీదే. ఇది కఠినంగా వినిపించినా చెప్పక తప్పదు.

మరి ఈ తెలివితో ఇప్పుడేం పని?

మన పిల్లలు ఫోన్లలో అమెరికా వేటగాళ్ల వీడియోలు చూస్తున్నారు. అక్కడ లైసెన్సు, కాలపరిమితి ఉన్న చట్టబద్ధమైన జింకల వేట ఉంది. అందుకోసం చెట్టుకు బిగించే ఇనుప, అల్యూమినియం అటకలు, నడుముకు కట్టుకొని వేలాడే పట్టీల సీట్లు అమ్ముతారు. ఆ సీటును వాళ్లు శాడిల్ అంటారు. వాళ్లను వేధించే ప్రశ్న కూడా మన పాత ప్రశ్నే: కావలసిన చోట చెట్టు వంకరగా ఉంటే ఏం చేయాలి? మానును పట్టుకొని పైకి జరిగే అటకకు కొమ్మల్లేని నిటారు చెట్టు కావాలి. వంకర చెట్టుకు అది పనికిరాదు. పట్టీతో బిగించే అటకల్లో కొన్నింటికి వాలు సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. వంకర చెట్టుకు ఎక్కువగా సర్దుకునేది శాడిల్, ఎందుకంటే దానికి తాడు చుట్టే చోటు, కాలు ఆనే చోటు దొరికితే చాలు. తాడు మీద వేలాడే మనిషిని మాత్రం బరువు ఎప్పుడూ వంపు కిందివైపుకే లాగుతుంది. దానికి తగినట్టు కూర్చోవాలి. నల్లమల చెంచులు నారతాడు పట్టుకొని కొండ అంచున తేనె కోసం దిగుతారు. బరువుకు, తాడుకు ఉన్న ఈ లెక్క వాళ్లకు ఎవరూ అమ్మలేదు.

వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటి ఉంది. నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేవరకు ఒంటికి కట్టుతాడు ఉండాలన్న నియమం. మన ఊళ్లలో తేనెకు, కల్లుకు, చింతపండుకు చెట్టెక్కి పడి నడుము విరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. తాత తాడు లేకుండా ఎక్కాడని మనమూ అలాగే ఎక్కాలని లేదు. తాత చెట్టును చదివిన కన్ను కావాలి, ఈనాటి కట్టుతాడూ కావాలి.

మంచె అవసరం కూడా తీరిపోలేదు. అడవి పందుల నుంచి పంటను కాపాడటానికి కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. ఆ తీగకు జంతువులే కాదు, తెల్లవారి చేనుకు వెళ్లే మన మనుషులూ బలవుతున్నారు. గట్టిగా కట్టిన మంచె, వంతుల కాపలా, నెగడు, చప్పుడు వల్ల ఎవరి ప్రాణమూ పోదు.

చివరగా ఈ సంచిక చదివే యువతీ యువకులకు మేము ఒక పని అప్పగిస్తున్నాం. మీ ఊరిలో మంచె కట్టిన చివరి తరం ఇంకా ఉంటే, ఈ ఎండాకాలం వారితో కలిసి చెట్ల మధ్యకు వెళ్లండి. ఒరిగిన చెట్టు ముందు నిలబడి అడగండి: తాతా, దీన్ని ఎక్కుతావా? ఎందుకు ఎక్కుతావు, ఎందుకు ఎక్కవు? పంగకు, తొర్రకు, వంపుకు, ముడికి మన భాషలో ఉన్న మాటలు ఆయన నోటి నుంచే ఫోనులో రికార్డు చేయండి. చేను కాసిన అవ్వలనూ అడగండి, మంచె మీద ఎక్కువ రాత్రులు గడిపింది వారే కావచ్చు. చెప్పినవారి పేరు, ఊరు వారి అనుమతితో తప్పక రాసుకోండి. నెక్కొండ ఫొటోల కాలంలో రాయని పేర్లను మనం తిరిగి తేలేం. మన ఊళ్లలో ఇప్పుడున్న పేర్లను మాత్రం పోకుండా చూసుకోగలం.